మనసు నలిగినప్పుడు నవల ఎలా చదవాలి

డిగ్రీ అయ్యాక ఉద్యోగం రాక ఇంట్లో కూర్చున్న రోజుల్లో మా ఊరి శాఖా గ్రంథాలయం నుంచి గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ తెచ్చుకున్నాను. పేరు చూస్తే నా గురించే రాసినట్టు అనిపించింది. చిన్న పుస్తకమే. మూడు రాత్రులు చదివాక నాలుగో రాత్రి ఉన్నట్టుండి ఆగిపోయింది. చివరి పేజీలు లేవు. ఎవరైనా చింపుకుపోయారో, కుట్టు ఊడి రాలిపోయాయో. లైబ్రరీలో అడిగితే “పాత పుస్తకం బాబూ” అని ఊరుకున్నారు. కథానాయకుడు సీతారామారావు ఏమయ్యాడో తెలియక నేనే ఒక ముగింపు అల్లుకున్నాను. బుద్ధి తెచ్చుకుని ఇంటికి వెళ్ళాడు, భార్య తలుపు తీసింది. ఆ ముగింపుతోనే నాలుగైదేళ్ళు గడిపేశాను.

అసలు ముగింపు సంగతి తర్వాత చెప్తాను. మనిషి లోపల జరిగే పెనుగులాట గురించి, నమ్మకం నిలబడటం గురించి, కూలిపోవడం గురించి రాసిన నవలలు చాలామంది నాలాగే చదువుతారు. కష్టంలో ఉన్నప్పుడు మందుబిళ్ళలా పట్టుకుంటారు. రెండు రోజుల్లో గుణం కనిపించకపోతే “ఇదంతా ఏడుపు” అని పక్కన పడేసి, రైల్వే స్టేషన్ స్టాల్లో దొరికే వ్యక్తిత్వ వికాసం పుస్తకం కొనుక్కుంటారు. వికాసం పుస్తకాల మీద నాకు కోపం లేదు. కాకపోతే వాటిని చదివినట్టు నవలను చదివితే దక్కదు. ఎలా చదివితే దక్కుతుందో, చాలాసార్లు తప్పుగా చదివి నేర్చుకున్నది ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

1. ముందు నిద్ర, తిండి సంగతి చూసుకోండి

పుస్తకం ఎంచుకునే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. రాత్రి నిద్ర పడుతోందా? అన్నం సయిస్తోందా? రెండు వారాలుగా రెండూ లేకపోయినా, బతకడం ఎందుకన్న ఆలోచన పదే పదే వస్తున్నా, ఇప్పుడు కావాల్సింది నవల కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. వెళ్ళడానికి మొహమాటంగా ఉంటే 14416కి ఫోన్ చేయండి. అది మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇంట్లో ఎవరైనా పోయి నెల కూడా తిరగకపోతే కూడా ఇలాంటి నవల జోలికి పోకండి. ఆ సమయంలో మనిషికి పక్కన మనుషులు కావాలి. పెద్దకర్మ అయి, బంధువులంతా వెళ్ళిపోయి, ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయిపోతుంది చూడండి, ఆ తర్వాత వస్తుంది వీటి అవసరం.

2. మీ ముడి ఏదో తెలుసుకుని, దానికి దగ్గరి పుస్తకం తీసుకోండి

“మంచి నవల ఒకటి చెప్పండి” అని అడిగితే ఎవరికి నచ్చింది వాళ్ళు చెప్తారు. అలా కాకుండా ఇప్పుడు మిమ్మల్ని పీడిస్తున్నది ఏమిటో ఒక్క వాక్యంలో కాగితం మీద రాయండి. “నలుగురూ ఏమనుకుంటారో అని చచ్చిపోతున్నాను.” “ఎవరినీ ప్రేమించలేకపోతున్నాను.” “ఎదుటి మనిషికి గట్టిగా జవాబు చెప్పలేను.” ఇలా. పుస్తకం వెతకడానికి ఆ వాక్యం చాలు.

జవాబు చెప్పలేని భయానికి రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’ ఉంది. అందులో సుబ్బయ్య గుమాస్తా. ఆఫీసన్నా భయమే, బావమరిదన్నా భయమే, కాంట్రాక్టరు గవరయ్య అంటే మరీ భయం. భయం మనిషిని లోపల ఎలా గుల్ల చేస్తుందో ఇంత దగ్గరగా చూపించిన పుస్తకం తెలుగులో ఇంకొకటి నేను చదవలేదు. రాసినాయన విశాఖపట్నంలో ప్లీడరు. కోర్టు మెట్లమీద రోజూ భయపడే మనుషుల్ని చూసి ఉంటారనుకుంటాను.

ప్రేమకు అడ్డం పడే పాత గాయానికి బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’. దయానిధి తల్లి గురించి లోకం ఏవేవో అంటుంది. ఆ మాటలు కొడుకును వెంటాడతాయి. అమృతం, కోమలి, ఇందిర, ఇలా ఏ మనిషి దగ్గరా అతను నిలవలేడు. తల్లిదండ్రుల గురించి ఊరి మాటలు వింటూ పెరిగినవాళ్ళు ఈ పుస్తకాన్ని ఒక్క బిగిన చదవలేరు. చదవనూ కూడదు.

హాస్టల్లో ఉంటూ, జేబులో డబ్బుల్లేక, పరీక్షలు దగ్గరపడి, ఇంటి దగ్గరివాళ్ళ ఆశలు గుండె మీద బండలా ఉన్న కుర్రాళ్ళకు ‘అంపశయ్య’. 1969లో వచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీలో రవి అనే విద్యార్థి ఒక్కరోజు జీవితం, అంతే కథ. ఆ పుస్తకం పేరే రచయిత ఇంటిపేరైపోయి, ఆయన అంపశయ్య నవీన్ అయ్యారు. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుంటున్న పిల్లలకు ఇది యాభై ఏళ్ళ నాటి కథలా అనిపించదు.

“నేనెందుకూ పనికిరాను” అన్న వాక్యం రాసుకున్నవాళ్ళకు ‘అసమర్థుని జీవయాత్ర’ అని చెప్పాలి, చెప్తాను కూడా. కానీ ఆ వాక్యం మరీ తాజాగా ఉంటే ఆర్నెల్లు ఆగండి. నేను ఆగలేదు.

ఒక హెచ్చరిక. విశ్వాసం గురించి చదవాలని ఉంది కదా అని ‘వేయిపడగలు’తో మొదలెట్టకండి. గొప్పదే. కానీ అది ఒక ఊరు, ఒక ధర్మం కూలిపోవడాన్ని చెప్పే మహా పెద్ద పుస్తకం. అలసిపోయి ఉన్న మనిషి యాభయ్యో పేజీ దగ్గర ఆగిపోయి, “ఇది కూడా నా వల్ల కాలేదు” అని ఇంకో బరువు నెత్తినేసుకుంటాడు.

3. పుస్తకం సంపాదించి, చివరి పేజీ ఉందో లేదో చూడండి

మండల కేంద్రంలో శాఖా గ్రంథాలయం ఉంటే అక్కడ అడగండి. ఈ పాత నవలలు అక్కడ తరచూ దుమ్ము కింద ఉంటాయి. డిసెంబరులో హైదరాబాదు బుక్ ఫెయిర్‌లో, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో కొత్త ముద్రణలు దొరుకుతాయి. దూరదేశాల్లో ఉన్నవాళ్ళు ఈ-బుక్కో, ఆడియోనో వెతుక్కోవచ్చు. తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం నెమ్మదైన పిల్లలకు ఆడియో బాగా పనికొస్తుంది. పాత ప్రతి తీసుకుంటే మాత్రం చివరి పేజీ నంబరు చూసి మరీ తెచ్చుకోండి.

ఇంకో చిన్న సంగతి. మన పుస్తకాలకు ముందుమాటలు పొడుగు. కథంతా చెప్పేసి, ఈ పాత్రకు ఏ మానసిక జబ్బు ఉందో కూడా అక్కడే తేల్చేస్తారు. ముందుమాట ఆఖర్న చదవండి.

4. మొదటి నలభై పేజీలు ఎలా దాటాలి

రాత్రి పడుకోబోయే ముందు చదవకండి. ఇది నా మొదటి తప్పు. పగటి వెలుతురులో రోజుకు అరగంట చాలు. పొద్దున కాఫీ తాగాక అయితే ఇంకా మంచిది. ఆ తర్వాత బయటికి వెళ్ళే పని ఏదో ఒకటి ఉండాలి, కూరగాయలకైనా సరే. పుస్తకంలోంచి లేచి నేరుగా మంచం ఎక్కితే పాత్ర దిగులు మీతోపాటే దుప్పటి కప్పుకుంటుంది.

ఈ నవలల్లో చాలా వాటిలో కథ నడవదు, ఆలోచన నడుస్తుంది. విమర్శకులు దీన్ని చైతన్య స్రవంతి అంటారు. పేరు చూసి హడలిపోకండి. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు మీ బుర్రలో ఏం జరుగుతుందో గుర్తు చేసుకోండి. టికెట్ చిల్లర, రాత్రి అమ్మ అన్న మాట, పదో తరగతిలో పడిన దెబ్బ, ఎదురు సీటు పాప రిబ్బను. అన్నీ ఒకదాని మీద ఒకటి వస్తాయి. ఆ పేజీలూ అంతే. ఎక్కడున్నామో తెలియకుండా పోతే, ‘ఇప్పుడు’ జరుగుతున్న పనిని మాత్రం పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ వెళ్ళండి. రవి లేచాడు, హాస్టల్ గది దాటాడు, ఫలానా వాడు ఎదురయ్యాడు. ఆ గుర్తులు పట్టుకుంటే మధ్యలోని జ్ఞాపకాలన్నీ తమంతట తామే సర్దుకుంటాయి.

భాష కొత్తగా ఉంటే పైకి చదవండి. కళింగాంధ్ర మాటలు తెలియని గుంటూరు మనిషికి, తెలంగాణ పలుకుబడి తెలియని విశాఖ మనిషికి కళ్ళకు అందనిది చెవికి అందుతుంది. ‘అల్పజీవి’లో కొన్ని వాక్యాలు నేను గొంతెత్తి చదివాకే నవ్వు తెప్పించాయి. అంతవరకు అది నవ్వించే పుస్తకమని కూడా తట్టలేదు.

5. చిరాకు పుట్టిన చోట గీత పెట్టండి

అన్నిటికంటే ముఖ్యమైన పని నా లెక్కలో ఇదే. మామూలుగా మనం నచ్చిన వాక్యం కింద గీత గీస్తాం, ఫోటో తీసి స్టేటస్ పెడతాం. ఇలాంటి నవలల్లో నచ్చిన వాక్యం పెద్దగా పనిచేయదు. ఎందుకంటే మనకు ముందే తెలిసినదాన్నే అది అందంగా చెబుతుంది. పాత్ర మీద చిరాకు, కోపం, అసహ్యం పుట్టిన చోట మార్జిన్‌లో చిన్న అడ్డగీత పెట్టండి. ఎందుకని అప్పుడే తవ్వకండి. గీత పెట్టి ముందుకు వెళ్ళిపోండి.

సుబ్బయ్య మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. అడ్డగీతలు లెక్కపెడితే పదిహేడు ఉన్నాయి. “ఒక్క మాట అనలేవా?” అని ఒకచోట రాసి కూడా పెట్టాను. పుస్తకం పూర్తయిన పది రోజులకు స్నానం చేస్తుంటే తట్టింది. నేను అద్దె ఇల్లు ఖాళీ చేసి అప్పటికి ఆరు నెలలు. అడ్వాన్సు ఇరవై వేలు ఇంటాయన ఇవ్వలేదు. నేను ఒక్కసారి కూడా గట్టిగా అడగలేదు. వీధిలో ఆయన ఎదురైతే నేనే పక్క సందులోకి తిరిగేవాణ్ణి, అప్పు నేనే పడ్డట్టు. ఆ పదిహేడు గీతలూ సుబ్బయ్య మీద పెట్టినవి కావు.

డబ్బు వచ్చిందా అంటే, సగం వచ్చింది. అది నవల గొప్పతనం అని నేను అనను. వెళ్ళి అడగడానికి నాకు ఇంకో నెల పట్టింది.

గీతలు ఉన్నచోట్లకు వారం పది రోజుల తర్వాత తిరిగి వెళ్ళండి. ఒక్కోదాని పక్కన “ఇలా నేను ఎప్పుడు చేశాను?” అని రాసుకోండి. కొన్నిటికి జవాబు ఉండదు, వదిలేయండి. ఒకటి రెండింటికి మాత్రం వెంటనే ఒక మనిషి ముఖం గుర్తొస్తుంది. ఆ రోజుకు అక్కడ ఆపేయండి. అన్నీ ఒకే పూట తవ్వుకుంటే ఒంట్లో సత్తువ మిగలదు.

6. దేవుడి సంగతి వచ్చిన చోట వాదనకు దిగకండి

విశ్వాసం గురించిన పేజీల దగ్గర మనకు రెండు రోగాలు. నమ్మేవాళ్ళు “చూశావా, చివరికి దేవుడే దిక్కు” అని వెతుకుతారు. నమ్మనివాళ్ళు “చూశావా, దేవుడు ఏమీ చేయలేదు” అని వెతుకుతారు. ఇద్దరూ నవలను సాక్షిని చేసి బోనులో నిలబెడతారు. ఆ పని మానేసి, పాత్ర ఆ క్షణంలో ఎవరిని ఏం అడుగుతోందో, తిరిగి ఏం వచ్చిందో, అంతవరకే చూడండి.

దీనికి కన్నడంలోంచి ఒక ఉదాహరణ తీసుకుంటాను. యు.ఆర్. అనంతమూర్తి 1965లో రాసిన ‘సంస్కార’. దుర్వాసపురం అగ్రహారంలో ఆచారాలన్నీ వదిలేసిన నారణప్ప చచ్చిపోతాడు. శవానికి ఎవరు సంస్కారం చేయాలి? ఊళ్ళో మహా పండితుడు ప్రాణేశాచార్యులు గ్రంథాలన్నీ తిరగేస్తాడు, దొరకదు. మారుతి గుడికి వెళ్ళి దేవుడి ముందు కూర్చుంటాడు. కుడివైపు పువ్వు రాలితే ఒక జవాబు, ఎడమవైపు రాలితే ఇంకో జవాబు. ఎంతసేపు కూర్చున్నా పువ్వు రాలదు.

ఆ పేజీల దగ్గర పుస్తకం మూసి కాసేపు కూర్చోండి. మనకు ఇది కొత్త కాదు. దేవుడి పటం ముందు చీట్లు వేసి చిన్నపిల్లతో తీయిస్తాం. క్రైస్తవ ఇళ్ళల్లో కొత్త సంవత్సరం ఆరాధనలో వాగ్దానపు కార్డు తీసుకుని ఏడాదంతా దాచుకుంటారు. ఎప్పుడో ఒకప్పుడు మనం చీటీ వేశాం, అది మనం కోరింది చెప్పలేదు. లేదా కోరిందే చెప్పింది, పని జరగలేదు. అప్పుడు మీరేం చేశారు? కోపం వచ్చిందా, భయం వేసిందా, ఇంకో చీటీ వేశారా? నేను ఇంకో చీటీ వేశాను. అది కూడా నచ్చక మూడోది.

ఇక్కడ మన భాష ఒక మంచి పని చేసింది. ‘సమాధానం’ అనే మాట చూడండి. పరీక్ష పేపర్లో అది ప్రశ్నకు జవాబు. తెలుగు బైబిల్లో అది శాంతి. వేదాంతంలో శమం, దమం, ఉపరతి, తితిక్ష, శ్రద్ధల తర్వాత వచ్చే ఆరోది, మనసు ఒకచోట కుదురుకోవడం. ఒక్క మాటలో మూడు. మనం నవల దగ్గరికి మొదటి సమాధానం కోసం వెళ్తాం. మంచి నవల అది ఇవ్వదు. ప్రాణేశాచార్యులకు పువ్వు రాలనట్టే మనకూ రాలదు. ‘చివరకు మిగిలేది’ ఆఖర్న దయానిధికి మిగిలేది కూడా ప్రశ్నకు జవాబు కాదు, తనతో తాను సమాధానపడటం. ఆ మాటను నేను మొదటిసారి చదివినప్పుడు పరీక్ష అర్థంలోనే చదివి, రచయిత తప్పించుకున్నాడని తిట్టుకున్నాను. మా ఇంటి పక్కన చర్చి ఉండేది. ఆదివారం ప్రార్థనలో “సమాధానము” అని మైకులో వినిపించినప్పుడు ఒకసారి ఉలిక్కిపడ్డాను. దయానిధి సమాధానపడ్డాడన్నది అప్పుడు అర్థమైంది.

నమ్మకం ఒకే దారిన పోదని రచయితల జీవితాలు చూసినా తెలుస్తుంది. గోపీచంద్ తండ్రి త్రిపురనేని రామస్వామి హేతువాది. ‘ఎందుకు’ అని అడగడం నేర్పిన నాన్నకని గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ను అంకితమిచ్చారు. అదే గోపీచంద్ తర్వాతి రోజుల్లో అరవిందుల తత్వం వైపు నడిచారు. ఏది సరైన దారో తేల్చే పని మనది కాదు. చదివేటప్పుడు అసలే కాదు.

7. చదివింది ఎవరితో చెప్పాలి, ఎవరితో చెప్పకూడదు

పుస్తకం ముగిశాక మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడకండి. వెంటనే రివ్యూ రాస్తే మీ లోపల కదిలింది మాటల్లో గడ్డకట్టిపోతుంది. మూడు రోజులయ్యాక పాత్రకు ఒక ఉత్తరం రాయండి. “సుబ్బయ్యా, నీకొక మాట చెప్పాలి” అని మొదలుపెడితే చాలు, మిగతాది తనే వస్తుంది. రాసింది దాచుకోండి, లేదా చింపేయండి.

ఆ తర్వాత మాట్లాడే మనిషి ఉంటే అదృష్టం. మీరు చెప్పింది వినగానే “నువ్వూ అంతే కదా” అనే మనిషి కాకూడదు. వినేసి తన కథ ఒకటి చెప్పగలిగే మనిషి కావాలి. అలాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురు దొరికితే నెలకొకసారి కూర్చుని ఒక్క అధ్యాయం పైకి చదువుకోండి. పుస్తకం మొత్తం మీద చర్చ పెడితే ఉపన్యాసాలు మొదలవుతాయి.

ఇక అస్సలు చేయకూడని పని ఒకటి. ఎదుటివాళ్ళ బాధకు మందుచీటీలా నవల రాసివ్వకండి. మా పెద్దమ్మ కూతురు విడాకుల తర్వాత పుట్టింటికి వచ్చి ఉన్నప్పుడు నేను పెద్ద మేధావిలా ఒక నవల పట్టుకెళ్ళి ఇచ్చాను. వారం తర్వాత విప్పకుండానే తిరిగి ఇచ్చింది. “పుస్తకం ఎందుకురా, ఒక గంట కూర్చుని పోవచ్చు కదా” అంది. ఆ రోజు కూర్చున్నాను. ఆ పుస్తకం ఊసే రాలేదు. రెండేళ్ళ తర్వాత తనే ఫోన్ చేసి “అప్పుడేదో తెచ్చావు, పేరేంటి?” అని అడిగింది.

8. కొన్నేళ్ళకు మళ్ళీ తీయండి

గీతలు పెట్టిన ఆ ప్రతినే దాచుకోండి. లైబ్రరీ పుస్తకమైతే గీతలు పెట్టకుండా పేజీ నంబర్లు డైరీలో రాసుకోండి. నాలుగైదేళ్ళకు తిరిగి చదివితే చిరాకు పుట్టే చోట్లు మారి ఉంటాయి. మొదటిసారి నేను సుబ్బయ్య మీద విసుక్కున్నాను. రెండోసారి విసుగంతా అతని చుట్టూ ఉన్నవాళ్ళ మీదకు మళ్ళింది.

ముగింపు సంగతి చెప్తానన్నాను కదా. ఇంకా చదవనివాళ్ళు ఈ పేరా వదిలేయండి. ఉద్యోగం వచ్చి హైదరాబాదులో ఉంటున్నప్పుడు బుక్ ఫెయిర్‌లో ‘అసమర్థుని జీవయాత్ర’ కొత్త ప్రతి కనిపించింది. నా దగ్గర లేని పేజీల కోసం వెనక నుంచి తిప్పాను. స్టాలు ముందే నిలబడి చదివాను. సీతారామారావు ఇంటికి వెళ్ళలేదు. శ్మశానానికి వెళ్ళాడు, కథ అక్కడే అయిపోయింది. జనం నన్ను తోసుకుంటూ పోతున్నారు, నేను పక్కకు కూడా జరగలేదు. నాలుగైదేళ్ళుగా నా బుర్రలో ఆ భార్య తలుపు తీస్తూనే ఉంది. ఆ మొదటి రాత్రుల్లోనే ఈ పేజీలు చదివి ఉంటే నేనేమయ్యేవాణ్ణో అని ఒక్క క్షణం వణుకు పుట్టింది. స్టాల్లో కుర్రాడు “తీసుకుంటారా సార్?” అని అడిగాడు. తీసుకున్నాను. ఇంటికొచ్చి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను, ఈసారి పొద్దున పూట.